కొలతల బుక్కు

వారాసిగూడల మెట్ల కింద నా దుకాణం.
ఒక మిషిను, ఒక స్టూలు, గోడకు పగిలిన అద్దం,
మూలకు పర్దా.
పాత చీరె పర్దానే గాని
దాని ముంగట మొగోళ్ల నీడ సుత ఆగదు.

టేపు సుట్టంగనే ఆడోళ్లు మాటలు ఇప్పుతరు.
ముప్పై ఆరు అని నేనంటుంటె
"మొన్నటి దెబ్బ కనపడ్తది, చెయ్యి జర పొడుగు పెట్టు" అంటది ఒకామె.
"మూడో నెల, అత్తకు ఇంక చెప్పలే,
పక్కలకు బట్ట ఇడిసిపెట్టు" అంటది ఇంకొకామె.
నేను నోట్ల గుండుసూదులు పెట్టుకుంట.
గుండుసూదులు నోట్ల ఉన్నోళ్లు మాట్లాడరు.
ఇరవై రెండేండ్లు నా నోరు గట్లనే పనిచేసింది.

రాసుడు మాత్రం రాస్త. మతిమరుపు పాడుది.
నీలం అట్ట బుక్కుల పేరు, నంబరు, కొలత,
పక్కన ఒక ముక్క.
సువార్త టీచర్ పేజీల రాసిన:
"ఎడమ పక్క దూది, రెండు పొరలు."
ఆపరేషన్ అయి మూడేండ్లు. బడిల ఎవ్వలకు తెల్వదు.
"బోర్డు మీద రాసేటప్పుడు చెయ్యి లేపితె తెలుస్తదా?"
ఒక్కటేసారి అడిగింది.
తెల్వకుంట కుట్టిన.

మా అక్క బిడ్డ నిహారిక ఫోను తెచ్చింది.
"పిన్నీ, గిరాకి రావాలంటె కనపడాలె."
మగ్గం పని జాకెట్టు మెల్లగ తిప్పుకుంట తీసింది,
పాట పెట్టింది.
జాకెట్టు ఎనక బల్ల.
బల్ల మీద బుక్కు.
తెరిచి ఉన్నది.
రెండు సెకన్లు.

పదకొండు వేల మంది సూసిండ్రని గంతులేసింది పిల్ల.
చిలకలగూడ చౌరస్తా నుంచి నేనే లడ్డూలు తెచ్చిన.
గా పదకొండు వేలల ఎవడో ఒకడు
వేలుతోని ఆపిండు, పెద్దగ చేసిండు, సదివిండు.
నంబరు ఉండనే ఉండె.
రాత్రి పదకొండింటికి ఆమె ఫోన్ల:
"దూది నేను తెచ్చియ్యనా టీచర్?"
తెల్లారి బడి గ్రూపుల ఆ పేజీ ఫొటో.

ఆమె రాలె. తిట్టలె.
ఆటో ఆయన వచ్చి చిట్టి సూపిచ్చిండు:
"ఆది జాకెట్టు, కుట్టని గుడ్డ, ఇచ్చి పంపు."
కింద పేరు లేదు.

నిహారిక ఏడ్చుకుంట రీలు తీసేసింది.
సెట్టింగుల్ల ఏందేందో మూసింది.
"పోయింది పిన్నీ, మొత్తం పోయింది."
బిడ్డా, కుట్టు ఇప్పదీసుడు నాకు తెల్వదా.
బ్లేడుతోని దారం మొత్తం లాగుతం,
తడుపుతం, ఇస్త్రీ పెడ్తం.
పట్టు మీద సూది బొక్కలు పోవు.
ఎలుగుకు పెడితె వరుసగ కనపడ్తయ్.

పిల్లను అంటె ఏమున్నది గాని.
బుక్కు తెరిచి పెట్టింది నేను.
లడ్డూలు పంచింది నేను.

ఇప్పుడు బుక్కుల పేర్లు లెవ్వు.
ఒకామెకు జామకాయ బొమ్మ, ఒకామెకు గొళ్లెం, ఒకామెకు సైకిలు.
ఎవరు ఏందో నాకే ఎరుక,
ఒక్కోసారి నాకు సుత ఎరుక లేదు,
మొన్న గొళ్లెం జాకెట్టు సైకిలామెకు ఇచ్చిన.
ఫోను గూట్ల పెట్టినంకనే పర్దా దాటాలె, ఎవరైనా సరే.
నిహారిక తన పాత వీడియోలు ఎదికి ఎదికి కొట్టేస్తున్నది.
నాలుగిట్ల తన బస్టాపు బోర్డు ఉన్నదంట,
ఒకదాంట్ల మా ఇంటి నంబరు.

సువార్త టీచర్ కొలత నా చేతులకు యాదున్నది.
నేనే గుడ్డ కొన్న, గంధం రంగు.
ఎడమ పక్క రెండు పొరలు,
ఎలుగుకు పెట్టినా తెల్వకుంట లోపలి కుట్టు.
పొద్దుగూకినంక పార్సీగుట్ట ఎక్కి తలుపు కొట్టిన.
గొలుసు తియ్యలె.
సందుల నుంచి చెయ్యి వచ్చి కవరు అందుకున్నది.
"నువ్వు ఇటు వచ్చుడు ఎవరన్న సూసిండ్రా?"

నా నోట్ల గుండుసూదులు లేవు,
అయినా మాట రాలె.
తల అడ్డంగ ఊపిన.
చీకట్ల ఆమెకు కనపడ్డదో లేదో.